ఏ ఊరి నుంచి వచ్చారు? – ఆసుపత్రి చిట్టాలో ఒక గడి చరిత్ర



ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లిన ప్రతి ఒక్కరికీ తెలిసిన ప్రశ్న ఒకటుంది. ఓపీ చీటీ రాసే కిటికీ దగ్గర పేరు, వయసు చెప్పగానే లోపలి నుంచి "ఏ ఊరు?" అని వినిపిస్తుంది. మనం ఊరి పేరు చెబుతాము. గుమాస్తా దానిని రిజిస్టరులో నాలుగో గడిలోనో ఐదో గడిలోనో రాసి చీటీ చేతికిస్తాడు. ఆ గడిని ఆ తరువాత ఎవరైనా చదువుతారా అన్న సందేహం రోగికి రాదు. నిజం చెప్పాలంటే, ఉద్యోగంలో చేరిన తొలి రోజులలో వైద్యుడినైన నాకు కూడా రాలేదు. ఆ గడికి ఎంత చరిత్ర ఉన్నదో, అది ఎన్ని ప్రాణాలను నిలబెట్టగలదో, అజాగ్రత్తగా వాడితే ఎంత కీడు చేయగలదో తెలియడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. ఈ వ్యాసం ఆ గడి గురించి.

గుండుసూదులు చెప్పిన అబద్ధం

డెబ్బైవ దశకం చివరి సంవత్సరాలు. అప్పటికింకా మండలాలు రాలేదు. చిత్తూరు జిల్లా పడమటి భాగంలో, గుర్రంకొండ పరిసరాలలో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి నన్ను నియమించారు. గుర్రంకొండ కోటను చూసినవారికి ఆ ప్రాంతం ఎలా ఉంటుందో చెప్పనక్కరలేదు. నిట్టనిలువుగా లేచిన రాతికొండ, దాని చుట్టూ చిన్నాపెద్దా గుట్టలు, గుట్టల నడుమ చెరువులు, ఆ చెరువులను నమ్ముకొన్న పల్లెలు. కడప నవాబులు, మరాఠాలు, హైదరు, టిప్పు ఒకరి తరువాత ఒకరు ఆ కోట కోసం పోరాడారు. 1800లో దత్తమండలాలతో పాటు అది కుంఫిణీ చేతికి వచ్చింది. కోట వాకిట కావలివాడు అడిగిన ప్రశ్న కూడా "ఎవరు మీరు, ఏ ఊరి నుంచి వస్తున్నారు?" అనే అయి ఉంటుంది. అతడు శత్రువును పట్టుకోవడానికి అడుగుతాడు. మేము రోగాన్ని పట్టుకోవడానికి అడుగుతాము.

కొత్తగా పట్టా పుచ్చుకొన్న ఉత్సాహంలో నేను ఒక పని చేశాను. తాలూకా పటం ఒకటి సంపాదించి గోడకు అంటించి, ఓపీ రిజిస్టరు ముందు వేసుకొని, మూడు నెలల కాలంలో వచ్చిన రోగులను ఊరివారీగా లెక్క తీశాను. ఒక్కొక్క ఊరి మీద, వచ్చినవారి సంఖ్యను బట్టి గుండుసూదులు గుచ్చాను. చూడడానికి బాగా ఉంది. మదనపల్లె వైపు పోయే బస్సు రోడ్డు పొడవునా సూదులు గుంపులు గుంపులుగా నిలబడ్డాయి. కొండకు ఆవలనున్న ఏడెనిమిది పల్లెల మీద మాత్రం ఒక్క సూది కూడా లేదు.

నాకు తోచిన అర్థమేమిటంటే, ఆ పల్లెలవారు ఆరోగ్యంగా ఉన్నారని. మంచి గాలి, మంచి నీరు, ఒళ్లు వంచి పని చేసే మనుషులు – రోగాలెందుకు వస్తాయని సంతోషించాను. మా కేంద్రంలో పనిచేసే ఏఎన్ఎం ఆ పటం వంక కాసేపు చూసి, "ఆ పల్లెల్లో రోగాలు లేవని అనుకుంటా ఉండారా సార్? ఆడికి బస్సు లేదు సార్" అన్నది. అంతకు మించి ఒక్క మాట అనలేదు.

తరువాతి వారం ఆమె వెంట నడిచి వెళ్లాను. రెండు గంటల నడక. మొదటి పల్లెలోనే వేపచెట్టు కింద మంచం మీద ఒక పెద్దమనిషి దగ్గుతూ కనబడ్డాడు. ఎన్నాళ్లుగా దగ్గు అని అడిగితే, "పోయిన వేరుశనక్కాయ పంట నుంచి" అన్నాడు. అతడి కళ్లెలో క్షయ క్రిములున్నాయి. అదే ఇంటిలో అతడి కోడలికీ, పక్క ఇంటిలో మరొకరికీ ఉన్నాయి. సూది లేని పల్లె రోగం లేని పల్లె కాదు. అది రోగం ఉండీ మా దాకా రాలేని పల్లె.

ఆ రోజు నేర్చుకొన్న పాఠం ఇది: ఆసుపత్రికి వచ్చినవారి లెక్క ఊరి ఆరోగ్యాన్ని చెప్పదు. ఆసుపత్రికి రాగలిగినవారెవరో చెబుతుంది. రెండింటికీ చాలా తేడా ఉన్నది. ఈ తేడాను నాకంటే ఎంతో ముందే గుర్తించినవారున్నారు. వారిలో కొందరు మా ప్రాంతంలోనే, మదనపల్లెలోనే పనిచేశారన్నది నాకు తరువాత తెలిసింది.

దూరం, రోగి, ఆసుపత్రి

వైద్యశాస్త్రంలో ఈ విషయాన్ని తొలిసారిగా లెక్కలతో చూపినవారిలో ఎడ్వర్డ్ జార్విస్ ఒకరు. ఆయన అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రానికి చెందిన వైద్యుడు. మానసిక వైద్యశాలలకు ఏయే ప్రాంతాల నుంచి ఎందరు రోగులు వచ్చారో ఆయన జనాభాతో పోల్చి చూసి 1850లో ప్రచురించాడు. ఆసుపత్రికి దగ్గరగా ఉన్న ప్రాంతాల నుంచి ఎక్కువమంది, దూరం పెరిగేకొద్దీ తక్కువమంది వస్తున్నారని తేలింది. దూరపు ఊళ్లలో మతి చెడినవారు తక్కువగా ఉన్నారని దీని అర్థం కాదు. దారి ఖర్చు, ప్రయాణపు కష్టం, ఆసుపత్రి ఉన్నదన్న సంగతే తెలియకపోవడం అసలు కారణాలు. ఈ సూత్రానికి ఇప్పటికీ ఆయన పేరే ఉంది.

మరి నాలుగేళ్లకు, 1854లో, లండన్ నగరంలోని సోహో పేటలో కలరా చెలరేగింది. కొద్ది వారాలలో ఆరు వందల మందికి పైగా చనిపోయారు. జాన్ స్నో అనే వైద్యుడు చనిపోయినవారి ఇళ్లను ఒక్కొక్కటిగా గుర్తించాడు. ఎక్కువ మరణాలు బ్రాడ్ స్ట్రీట్ అనే వీధిలోని చేతిపంపు చుట్టూ కనబడ్డాయి. ఈ కథను వైద్య విద్యార్థులందరూ చదువుకొంటారు. అయితే నాకు నచ్చేది ఆ గుంపు కాదు, గుంపుకు దూరంగా నిలిచిన ఒంటరి చుక్కలు.

పంపుకు మైళ్ల దూరాన హాంప్‌స్టెడ్‌లో నివసించే ఒక వృద్ధురాలు కలరాతో మరణించింది. ఆమె ఆ వీధికి వెళ్లి చాలా కాలమయింది. స్నో విచారిస్తే, ఒకప్పుడు ఆ పేటలో కాపురమున్న ఆమె ఆ నీటి రుచికి అలవాటు పడి రోజూ బండి మీద ఒక సీసా తెప్పించుకొంటున్నదని తెలిసింది. మరోవైపు, పంపుకు పక్కనే ఉన్న బీరు కర్మాగారంలోని పనివారిలో ఎవరూ చనిపోలేదు. వారు బీరు తాగేవారు, కర్మాగారానికి సొంత బావి ఉన్నది. ఆ ఏడాది సెప్టెంబరు 8న పంపు పిడిని తీసివేశారు.

జార్విస్ లెక్క మనకు నేర్పేది, రానివారి గురించి ఆలోచించమని. స్నో నేర్పినది, చుక్క ఎక్కడ ఉన్నదో చూసి ఊరుకోక, ఆ చుక్క వెనుకనున్న మనిషిని పలకరించమని. పటం ఒక ప్రశ్నను మాత్రమే ఇస్తుంది. జవాబు కోసం కాలినడకన వెళ్లక తప్పదు.

ప్లేగు కాలపు చీటీలు

మన దేశంలో వచ్చిపోయేవారి జాడలు తీయడం పెద్ద ఎత్తున మొదలైనది ప్లేగు కాలంలో. 1896లో ఆ మహమ్మారి బొంబాయిలో బయటపడింది. 1897 ఫిబ్రవరిలో అంటువ్యాధుల చట్టం వచ్చింది. మన తరం 2020లో కరోనా వేళ మళ్లీ విన్నది ఆ చట్టం పేరే. 1898లో ప్లేగు మైసూరు సంస్థానంలోకి, బెంగళూరులోకి ప్రవేశించింది.

మన పడమటి ప్రాంతానికి బెంగళూరు ఎంత దగ్గరో చెప్పనక్కరలేదు. పుంగనూరు, మదనపల్లెల నుంచి సంతలకూ సరుకులకూ ఎద్దుల బండ్లు మైసూరు సీమకు పోతూ వస్తూనే ఉండేవి. కుప్పం మీదుగా జోలార్‌పేట–బెంగళూరు రైలుమార్గం 1864 నుంచే నడుస్తున్నది. అటువంటి సరిహద్దును మూసివేయడం ఎవరి వల్లా కాదు. మద్రాసు రాజధాని ప్రభుత్వం అందుకొక ఉపాయం ఆలోచించింది. అదే 'ప్లేగు పాస్‌పోర్టు'. ప్లేగు ఉన్న ప్రాంతం నుంచి వచ్చే ప్రయాణికుడి పేరు, అతడు చేరబోయే చోటు రాసి చేతికొక చీటీ ఇచ్చేవారు. అతడు గమ్యం చేరిన తరువాత పది రోజుల పాటు రోజూ అక్కడి అధికారుల ముందు హాజరై, జ్వరం గానీ గజ్జలలో బిళ్లలు గానీ లేవని చూపించుకోవాలి.

మనిషిని దారిలో బంధించి శిబిరంలో పెట్టడం కంటే ఇది మెరుగైన పద్ధతి. బొంబాయి రాజధానిలో సోదాల పేరిట ఇళ్లలోకి చొరబడి ప్రజలను అవమానించిన ఫలితం అందరికీ తెలుసు. 1897 జూన్‌లో పుణేలో ప్లేగు అధికారి ర్యాండ్‌పై కాల్పులు జరిగాయి. దానితో పోలిస్తే చీటీ పద్ధతి మర్యాదైనదే. అయితే అందులోనూ ఒక పెద్ద లోపం ఉన్నది. వారు జాడ తీస్తున్నది మనిషిది. రోగాన్ని మోసుకుపోతున్నది ఎక్కువగా ఎలుక, దాని మీది మిన్నల్లి. ధాన్యపు బస్తాలలో దూరి బండ్లలోనూ రైలు పెట్టెలలోనూ ప్రయాణించిన ఎలుకను పాస్‌పోర్టు ఎవరూ అడగలేదు. 1898లోనే కరాచీలో పాల్ లూయీ సిమొండ్ అనే ఫ్రెంచి వైద్యుడు ఎలుక నుంచి ఎలుకకు మిన్నల్లుల ద్వారానే ప్లేగు సోకుతుందని ప్రయోగం చేసి చూపాడు. దానిని వైద్య లోకం అంగీకరించడానికి మరికొన్ని ఏళ్లు పట్టింది.

ఎవరి రాకపోకలను లెక్కించాలో తెలియకుండా లెక్కించడం మొదలుపెడితే, పుస్తకాలు నిండుతాయి, రోగం మాత్రం తన దారిన తాను పోతుంది. జాడ తీయడానికి ముందు, దేని జాడ తీస్తున్నామన్నది తెలిసి ఉండాలి.

దీపం కింది చీకటి

ఇప్పుడు మదనపల్లె సంగతికి వద్దాము. సముద్రమట్టానికి సుమారు 2,300 అడుగుల ఎత్తున, పొడి గాలితో, మితమైన ఎండతో ఉండే ఊరది. క్షయకు మందులు లేని కాలంలో మంచి గాలి, విశ్రాంతి, పుష్టికరమైన ఆహారమే చికిత్స. 1912లో డెన్మార్క్ నుంచి వచ్చిన మిషనరీ వైద్యుడు క్రిస్టియన్ ఫ్రిమోట్-మొల్లర్ ఆధ్వర్యంలో, అనేక మిషనరీ సంఘాల ఉమ్మడి ప్రయత్నంగా ఇక్కడ యూనియన్ మిషన్ క్షయ చికిత్సాలయం మొదలయింది. 1915లో అది ఊరి వెలుపలి సొంత స్థలానికి మారింది. ఆ స్థలానికి పెట్టిన పేరు ఆరోగ్యవరం. మా చిన్నతనంలో 'ఆరోగ్యవరం పోయినాడు' అంటే ఏ రోగమో వేరే అడగవలసిన పని ఉండేది కాదు.

దక్షిణ భారతమంతటి నుంచీ, ఇంకా దూర ప్రాంతాల నుంచీ రోగులు అక్కడికి వచ్చేవారు. నెలల తరబడి ఉండవలసిన చికిత్స కాబట్టి, ఇంటిని వదిలి ఉండగలిగినవారే ఎక్కువగా రాగలిగేవారు. ప్రవేశ పుస్తకాన్ని మాత్రమే చూసేవారికి క్షయ అనేది పట్టణాలవారి రోగమని, చదువుకొన్నవారి రోగమని అనిపించడం సహజం. దేశంలో చాలాకాలం ప్రచారంలో ఉన్న అభిప్రాయం కూడా అదే. పల్లెలో గాలి మంచిది గనుక అక్కడ క్షయ తక్కువని పెద్ద పెద్ద వైద్యులే నమ్మారు. నా గుండుసూదుల పటంలోని పొరపాటే ఇది. కాకపోతే, దేశమంత పెద్దది.

ఈ పొరపాటును సరిదిద్దిన పనులలో ఒకటి ఆరోగ్యవరంలోనే జరగడం మనకు గర్వకారణం. 1948లో మన దేశంలో బీసీజీ టీకా కార్యక్రమం మొదలైనప్పుడు తొలుత ఎంచుకొన్న చోట్లలో మదనపల్లె ఒకటి. ఆ తరువాత, అదే కుటుంబంలోని తరువాతి తరం వైద్యుడు జొహానెస్ ఫ్రిమోట్-మొల్లర్ నాయకత్వంలో, 1950 నుంచి 1955 వరకు మదనపల్లె పట్టణంలోనూ చుట్టుపక్కల పల్లెలలోనూ ఒక గొప్ప సర్వే జరిగింది. సుమారు 60,000 జనాభా దాని పరిధిలోకి వచ్చింది. రోగులు వచ్చేదాకా ఎదురుచూడకుండా వైద్య బృందమే ఇళ్లకు వెళ్లింది. ఇంటింటికీ వెళ్లి మనుషుల పేర్లు రాసుకోవడం, ట్యూబర్‌క్యులిన్ పరీక్ష చేయడం, ఛాతీకి ఎక్స్-రే తీయడం, అనుమానమున్నవారి కళ్లెను పరీక్షించడం, కొంతకాలానికి మళ్లీ అదే ఇళ్లకు వెళ్లి చూడడం – ఇదీ వారి పద్ధతి. దీని ఫలితాలు 1960లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో వెలువడ్డాయి.

అలా మళ్లీ మళ్లీ వెళ్లడంలోనే అసలు విలువ ఉన్నది. ఒక్కసారి లెక్కిస్తే ఎందరికి రోగమున్నదో తెలుస్తుంది. రెండోసారి లెక్కిస్తేనే కొత్తగా ఎందరికి వచ్చింది, ఎందరు కోలుకొన్నారు, ఎందరు చనిపోయారు, ఎవరు ఊరు విడిచారు అన్నవి తెలుస్తాయి. ఆసుపత్రి రిజిస్టరు ఎంత చక్కగా రాసినా ఈ నాలుగింటికీ జవాబు చెప్పలేదు.

అదే దశకంలో, 1955–58 మధ్య, భారత వైద్య పరిశోధన మండలి దేశవ్యాప్తంగా నమూనా సర్వే జరిపింది. వెయ్యిమందిలో పదిహేనుమందికి ఎక్స్-రేలో క్షయ ఆనవాళ్లు, నలుగురికి కళ్లెలో క్రిములు ఉన్నట్టు తేలింది. పల్లెలలో కూడా పట్టణాలలో ఉన్నంతగానే క్షయ ఉన్నదని రుజువయింది. దీపం చుట్టూ వెలుగు పడితే, దాని కిందనే చీకటి ఉన్నదని నిర్ధారణ అయింది.

వచ్చినవారిని వెనక్కి పంపిన కథ

ఇంతవరకు రానివారి గురించి చెప్పాను. వచ్చినా కనబడనివారు కూడా ఉంటారు. 1959లో బెంగళూరులో జాతీయ క్షయ సంస్థ ఏర్పడింది. ఆ సంస్థకు చెందిన దేబబర్ బెనర్జీ, స్టిగ్ ఆండర్సన్ మన సరిహద్దుకు ఆవలనున్న తుమకూరు జిల్లా పల్లెలలో ఒక అధ్యయనం చేసి 1963లో ప్రచురించారు. సర్వేలో క్షయ ఉన్నట్టు తేలిన గ్రామీణుల దగ్గరకు వెళ్లి, "మీకు బాధ తెలిసిందా? తెలిస్తే ఏం చేశారు?" అని అడిగారు. పల్లె మనుషులకు అవగాహన లేదు, అందుకే రారు అన్నది అప్పటి వైద్యుల నమ్మకం. జవాబు మరోలా వచ్చింది. రోగులలో చాలామందికి తమ దగ్గు మామూలుది కాదని తెలుసు. సగానికి పైగా అప్పటికే ఏదో ఒక ఆసుపత్రికి వెళ్లి వచ్చారు. అక్కడ దగ్గు మందు సీసా ఇచ్చి పంపారే గానీ కళ్లె పరీక్ష చేయలేదు.

ఈ అధ్యయనాన్ని నేను మొదటిసారి చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. రోజుకు నూటయాభై ఓపీ చూసిన రోజులలో నేను రాసిచ్చిన దగ్గు మందులెన్నో లెక్క లేదు. ఆ సీసాలు పట్టుకొని బస్సెక్కినవారిలో ఎందరు మళ్లీ రాలేదో!

1962లో మొదలైన జాతీయ క్షయ కార్యక్రమానికి ఈ పరిశీలనలు పునాది అయ్యాయి. దగ్గుతో తనంతట తాను వచ్చిన మనిషిని దగ్గరలోని ఆసుపత్రిలోనే పరీక్షించాలి, ఇంటి దగ్గర ఉంచే మందులివ్వాలి అన్నది దాని సారాంశం. ఇంటి చికిత్స పనిచేస్తుందని 1956లో మొదలైన మద్రాసు క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం అప్పటికే రుజువు చేసింది. 193 మంది రోగులలో కొందరిని శానిటోరియంలో, కొందరిని ఇంటిలో ఉంచి ఒకే మందులిస్తే, ఫలితాలు దాదాపు ఒకేలా వచ్చాయి. ఇంటిలోనివారికి అంటుకోవడం కూడా అధికం కాలేదు. దానితో ఆసుపత్రి మంచం ప్రాధాన్యం తగ్గింది. రోగి చిరునామాకు ప్రాధాన్యం పెరిగింది. మందుకు రావలసిన రోజున రాకపోతే అతడిని వెతికి పట్టుకొనేది ఆ చిరునామాతోనే.

ఒక పోస్టు కార్డు

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. చాలాకాలం ఎవరికీ చెప్పలేదు.

గుర్రంకొండ వైపు నుంచి బదిలీ అయి మరొక చోట పనిచేస్తున్న రోజులవి. మందులకు రాని రోగులకు జాబు రాయడం అప్పటి ఆనవాయితీ. జాబుకు కూడా రాకపోతే మనిషిని పంపేవాళ్లం. మేము రాసేది పోస్టు కార్డు, ఖర్చు తక్కువ. "మీరు క్షయ మందులకు ఫలానా తారీకున రాలేదు. వెంటనే రావలెను" అని గుమాస్తా రాసేవాడు. కింద నేను సంతకం పెట్టేవాడిని. ఒక్కొక్క రోజు ఇరవై కార్డుల మీద చదవకుండానే సంతకం చేసేవాడిని.

పోస్టు కార్డును ఊరంతా చదువుతుందన్న సంగతి నాకు తట్టలేదు. చదువు రాని ఇంటిలో పోస్టుమానే దానిని చదివి వినిపిస్తాడు. పెళ్లయి ఏడాది కూడా నిండని ఒక అమ్మాయి పేరున అటువంటి కార్డు వెళ్లింది. ఆమె పుట్టింటి నుంచి వచ్చి మందులు తీసుకొనేది. అత్తవారింటిలో చెప్పలేదు. మందులకు రాకపోవడానికి కారణం ఆమె అత్తవారింటికి తిరిగి వెళ్లడమే. అక్కడి చిరునామా మా పుస్తకంలో ఉంది. కార్డు అక్కడికే పోయింది. ఇంటి అరుగు మీద నలుగురి నడుమ చదివారు. మరునాడే ఆమెను పుట్టింటికి పంపేశారు.

తండ్రి ఆ కార్డు పట్టుకొని నా దగ్గరకు వచ్చాడు. కోపగించుకోలేదు. కార్డు బల్ల మీద పెట్టి, "మీరు మంచికే రాసినారు సార్. కవరులో పెట్టి ఉంటే బాగుండు" అన్నాడు. ఆ మాటకు నా దగ్గర ఈ నాటికీ సమాధానం లేదు. ఆ అమ్మాయికి రోగం పూర్తిగా నయమయింది. ఆమె కాపురం మాత్రం మళ్లీ నిలబడలేదు.

ఆ తరువాత నేను పోస్టు కార్డు వాడలేదు. ఇన్‌లాండ్ లెటర్‌లో, రోగం పేరు లేకుండా, "మీరు ఒకసారి వచ్చి కలవగలరు" అని మాత్రమే రాయించాను. కొత్త రోగి రాగానే మరొక ప్రశ్న కూడా అడగడం మొదలుపెట్టాను: "ఏ ఊరు?" అన్న తరువాత, "మీకు కబురు పంపాలంటే ఎక్కడికి, ఎవరికి పంపమంటారు?" అని. ఆ ఒక్క ప్రశ్న మొదటి నుంచీ అడిగి ఉంటే సరిపోయేది.

నేటి రిజిస్టరు

నేడు ఆ రిజిస్టరు కాగితం మీద లేదు. 2012 మే నెల నుంచి క్షయ కేసును ప్రభుత్వానికి తెలియజేయడం ప్రైవేటు వైద్యులకు కూడా తప్పనిసరి. అదే ఏడాది 'నిక్షయ్' అనే కంప్యూటరు చిట్టా వచ్చింది. రోగి ఊరు మారినా చికిత్స తెగిపోకుండా కొత్త చోటికి బదిలీ చేయవచ్చు. బెంగళూరుకు కూలికి పోయే మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలవారికి ఇది ఎంత మేలో నాకు తెలుసు. మా కాలంలో సరిహద్దు దాటిన రోగి మా పుస్తకంలోంచి మాయమైనట్టే. పోషకాహారానికి 2018లో నెలకు 500 రూపాయలతో మొదలైన సాయం 2024 నవంబరు నుంచి 1,000 రూపాయలయింది.

సాధనం మారినా ధర్మం మారలేదు. 2020లో కరోనా సోకినవారి ఇళ్ల గోడలకు కాగితాలు అంటించినప్పుడు నాకు ఆ పోస్టు కార్డే గుర్తుకు వచ్చింది. రోగిని గుర్తించడం కోసం అంటించిన కాగితం అతడిని వెలివేయడానికి పనికివచ్చింది. ఆ ఏడాది డిసెంబరులో సుప్రీం కోర్టు, చట్టప్రకారం అధికారమున్నవారి ప్రత్యేక ఆదేశం ఉంటే తప్ప అటువంటి కాగితాలు అంటించరాదని చెప్పింది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని అదే న్యాయస్థానం 2017 ఆగస్టు 24న తీర్పు ఇచ్చింది. హెచ్ఐవీ ఉన్నవారి వివరాలను వారి అనుమతి లేకుండా బయటపెట్టరాదన్న చట్టం కూడా 2017లోనే వచ్చింది. డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023లో వచ్చింది. ఒక తండ్రి నా బల్ల దగ్గర నిలబడి చెప్పిన మాటనే ఈ తీర్పులూ చట్టాలూ తమ భాషలో చెబుతున్నాయి.

కొందరు అడుగుతారు: అలాగైతే వివరాలు ఇవ్వకుండా ఉండడమే మేలు కదా అని. కాదు. తప్పుడు చిరునామా ఇచ్చిన రోగికి మందు మధ్యలో ఆగిపోతే అతడిని ఎవరూ వెతకలేరు. క్షయ మందులు మధ్యలో మానితే క్రిమి మొండికేస్తుంది. అది ఇంటిల్లిపాదికీ ముప్పు. చిరునామా ఇవ్వాలి. దానిని పుచ్చుకొన్నవారు దాచవలసిన రీతిలో దాచాలి. ఇది ఇద్దరి మధ్య నమ్మకం.

అందుచేత పాఠకులకు నా విన్నపాలు ఇవి. రెండు వారాలు మించిన దగ్గు ఎవరికున్నా కళ్లె పరీక్ష అడిగి చేయించుకోండి. దగ్గు మందు సీసాతో సరిపెట్టుకోకండి. ప్రభుత్వ ఆసుపత్రిలో పరీక్షలు, మందులు ఉచితం. చీటీ రాసే చోట ఊరు, ఫోను నంబరు సరిగ్గా చెప్పండి. ఇంటిలో ఇతరులకు తెలియకూడదనుకొంటే, కబురు ఎవరికి పంపాలో కూడా ఆ వేళే చెప్పండి. అలా చెప్పే హక్కు మీకున్నది. ఊరు మారుతుంటే వెళ్లే ముందే ఆసుపత్రివారికి తెలియజేయండి. పొరుగింటివారి రోగం గురించి తెలిసినా నోటికి తాళం వేసుకోండి.

వైద్య వృత్తిలో ఉన్న యువ మిత్రులకు ఒక మాట. మీ కంప్యూటరులో రంగుల పటాలు వస్తున్నాయి. ఏ ఊరి నుంచి ఎందరు వచ్చారో క్షణంలో చూపిస్తాయి. సంతోషమే. ఎక్కువ రంగు ఉన్న చోటును అందరూ చూస్తారు. మీరు రంగు లేని చోటును చూడండి. అక్కడికి బస్సు ఉన్నదా అని ఎవరినైనా అడగండి.

ఈ మధ్య గుర్రంకొండ వైపు ఒక పెళ్లికి వెళ్లాను. కొండ ఆవలి పల్లెకు ఇప్పుడు తారు రోడ్డు ఉన్నది, ఆటోలు తిరుగుతున్నాయి. ఆ వేపచెట్టు అలాగే ఉన్నది. చెట్టు కింద కూర్చున్న ఒకాయన నన్ను చూసి, "ఏ ఊరు సామీ మీది?" అని అడిగాడు. చెప్పాను.

ఆరోగ్యమే మహాభాగ్యం. సెలవు.